బెత్లెహేములో అడవిదున్న



ఆగమన కాలం వస్తోంది. మీ విచారణలో యువకులు గడ్డి, వెదురు పోగుచేసి పశులపాక కట్టే సన్నాహంలో ఉండి ఉంటారు. అటకమీద పాత పేపర్లలో చుట్టిపెట్టిన స్వరూపాలు కిందికి దిగుతాయి. చెవి విరిగిన గాడిదకు ఎవరో జిగురు పూస్తారు. రంగు వెలిసిన సూసేప్పగారికి ఎవరో గోధుమరంగు పెయింటు వేస్తారు. ఈ పనుల్లో పడకముందే మీకు ఒక మధ్యాహ్నం సంగతి చెప్పాలని ఉంది. అది నా తప్పు ఒప్పుకోవడం కూడా. పాపసంకీర్తనపు పెట్టెలో చెప్పుకున్నదే. మీతో కూడా చెప్పుకుంటే తప్ప మనసు కుదుటపడలేదు.

వలిసెపూలు విరగబూసిన రోజుల్లో రంపచోడవరం నుండి మా పిల్లల్ని అరకు చూపించడానికి తీసుకువెళ్ళాం. ముప్పైమంది పిల్లలు, ఇద్దరు సిస్టర్లు, ఒక ఉపదేశిగారు, నేను. వాళ్ళలో ఎక్కువమంది కొండరెడ్ల బిడ్డలు, మిగిలినవాళ్ళు కోయలు, కొండకమ్మరులు. తెల్లవారకముందే బయలుదేరాం. అడ్డతీగల, రాజవొమ్మంగి మీదుగా చింతపల్లి, పాడేరు దాటి వెళ్ళాలి. దారి పొడవునా వాళ్ళే నాకు చరిత్ర చెప్పారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లమీద అల్లూరి సీతారామరాజు దాడిచేశాడని ఒకడు వేళ్ళు మడిచి లెక్క చెప్పాడు. మూడురోజుల్లో మూడు స్టేషన్లు! మా డ్రైవరుకు ఒక్కరోజు ప్రయాణానికే నడుము పట్టేసింది.

అరకు చేరేసరికి మధ్యాహ్నం అయింది. అన్నాలు తిని గిరిజన మ్యూజియం చూడటానికి వెళ్ళాం. 1996లో నెలకొల్పిన మ్యూజియం అది. వెళ్ళినవాళ్ళకు తెలుసు, అందులో మట్టితో చేసిన నిలువెత్తు మనుషులు ఉంటారు. థింసా ఆడే స్త్రీలు ఒకరి నడుము వెనుక ఒకరు చెయ్యివేసి వరుసగా నిలబడి ఉంటారు. పెళ్ళి జరుగుతూ ఉంటుంది, వేటకు వెళ్తూ ఉంటారు, పొయ్యిమీద కుండ పెట్టి ఉంటుంది. చేసినవాళ్ళ చేతిపని మెచ్చుకోదగ్గదే. ముక్కుకు మూడు కమ్మీలు, మెడలో పూసలు, కాళ్ళకు కడియాలు, చీర కట్టిన తీరు, అన్నీ శ్రద్ధగా చూసి చేసినవే. ఆ లోయ అందం, చెట్లనీడ, చుట్టూ కొండలు, అన్నీ కలిసి మనసుకు హాయిగా ఉంది. సిస్టరుగారు ఒక చెట్టు కింద కూర్చుని జపమాల అందుకున్నారు.

పిల్లలు మాత్రం నేను అనుకున్నట్టు చూడలేదు. పట్నపు పిల్లలయితే "అబ్బో" అని ఫోటోలు తీసుకుంటారు. వీళ్ళు పనివాడు పనివాడి పనిని చూసినట్టు చూశారు. వేటగాడి బొమ్మ ముందు ఇద్దరు కుర్రాళ్ళు బాణం పట్టులో తప్పు ఉందా లేదా అని వాదించుకున్నారు. పొయ్యి దగ్గర కూర్చున్న మట్టి ముసలమ్మను ఒక అమ్మాయి చాలాసేపు చూసింది. తర్వాత నా దగ్గరకు వచ్చి అడిగింది.

"ఫాదర్ గారూ, ఈవిడకి ఎవరూ లేరా? ఒక్కతే వండుకుంటోంది."

నేను నవ్వాను. "బొమ్మ కదమ్మా," అన్నాను.

"బొమ్మయినా, మా నాయనమ్మ ఒక్కతే ఎప్పుడూ వండుకోదు. పక్కన ఎవరో ఒకరు ఉంటారు. పిల్లో, మేకపిల్లో."

అప్పుడే ఇంకో సంగతి జరిగింది. పట్నంనుండి వచ్చిన ఒక కుటుంబం మా పిల్లల్ని చూసి ఆగింది. మంచివాళ్ళే, మర్యాదగానే మాట్లాడారు. ఆ పెద్దమనిషి నన్ను అడిగాడు: "వీళ్ళు నిజంగా ట్రైబల్సేనాండీ? అలా లేరే!" మా పిల్లలు యూనిఫారంలో, బూట్లలో ఉన్నారు. ఇద్దరు కుర్రాళ్ళను పిలిచి వేటగాడి బొమ్మకు అటూ ఇటూ నిలబెట్టి, "చొక్కా విప్పితే ఫోటో ఇంకా బాగుంటుంది" అన్నాడు. వాళ్ళలో ఒకడు లెక్కల్లో మా స్కూలుకే మొదటివాడు. వాడు చొక్కా విప్పలేదు, తలవంచుకుని నిలబడ్డాడు. ఆయన ఫోటో తీసి పదిరూపాయల నోటు వాడి జేబులో పెట్టి వెళ్ళిపోయాడు.

నేను పక్కనే ఉన్నాను. ఏమీ అనలేదు. అనకపోగా, ఆయన "అలా లేరే" అన్నప్పుడు ఆయనతోపాటు కొంచెం నవ్వాను కూడా.

తిరుగు ప్రయాణంలో ఆ కుర్రాడు నోటు తెచ్చి నా చేతిలో పెట్టాడు. "కానుకల పెట్టెలో వెయ్యండి ఫాదర్ గారూ," అన్నాడు. ఇంకేమీ మాట్లాడలేదు. చీకట్లో ఘాట్ రోడ్డు దిగుతుంటే నాకు నిద్ర పట్టలేదు.

పాఠకులారా, స్వరూపాల విషయంలో మన కథోలికులకు కొత్తగా చెప్పేదేముంది? ఊళ్ళో ఇతర సహోదరులు మనల్ని "విగ్రహారాధికులు" అన్నప్పుడల్లా మన ఉపదేశులు చెప్పే జవాబు ఒకటే. 787వ సంవత్సరంలో నీకేయాలో జరిగిన రెండవ మహాసభ ఈ సంగతిని తేల్చింది. స్వరూపానికి చూపే గౌరవం ఆ కొయ్యకూ రాతికీ చెందదు, ఆ స్వరూపం ఎవరిదో వారికి చెందుతుంది. గుణదల కొండమీద మరియమాత స్వరూపం ముందు మోకరించే తల్లి సున్నానికీ రంగుకూ మోకరించడం లేదు. ఈ జవాబు నేను వందసార్లు చెప్పాను. జ్ఞానోపదేశం క్లాసులో పరీక్షకు కూడా ఇచ్చాను.

అయితే ఆ సాయంత్రం ఆ జవాబు తిరిగి నామీదికే వచ్చింది. గౌరవం బొమ్మ దగ్గర ఆగకూడదు, బొమ్మ ఎవరిదో వాళ్ళదాకా వెళ్ళాలి అన్నాం కదా. మరి మట్టి ముసలమ్మ ముందు ఐదు నిమిషాలు ఆగి మెచ్చుకున్న మనం, గేటు బయట అడ్డాకుల కట్టలూ కొండచీపుర్లూ పెట్టుకు కూర్చున్న ముసలమ్మ దగ్గర బేరమాడి ఐదు రూపాయలు తగ్గించుకున్నాం. అదీ నేనే. పైగా బేరం బాగా కుదిరిందని ఉపదేశిగారితో గొప్పగా చెప్పుకున్నాను కూడా. ఆదికాండము చెప్పేదాని ప్రకారం దేవుడు తన చేతులతో మట్టి పిసికి ప్రాణం ఊదిన స్వరూపం ఎవరు? లోపలున్న ఆమె కాదు గదా.

అపోస్తలుల కార్యములు పదునేడవ అధ్యాయంలో పౌలుగారు ఏథెన్సు పట్టణంలో తిరిగిన కథ ఉంది. ఆ రోజుల్లో ఏథెన్సు అంటే బయట నిలబెట్టిన శిల్పాల తోటే. ఎటు చూసినా దేవతల ప్రతిమలు. అవి చూసి పౌలుగారికి లోపల మండింది. ఆ మాట గ్రంథమే చెబుతోంది, దాచలేదు. కాని ఆయన కోపంతోనే ప్రసంగం మొదలుపెట్టలేదు. ముందు వీధివీధి తిరిగాడు, ఒక్కొక్కటీ పరకాయించి చూశాడు. అంతగా చూసినందువల్లనే తెలియని దేవునికి కట్టిన బలిపీఠం ఒకటి ఆయన కంటబడింది. అరెయోపాగు సభలో ఆయన నోరు తెరిచింది ఆ బలిపీఠాన్ని పట్టుకునే. ఆ సభలో అందరూ నమ్మలేదు, కొందరు ఎగతాళి చేశారు. దియొనూసియు, దమరి అనే ఆమె, మరికొందరు నమ్మారు. ఆ కొద్దిమందినైనా సంపాదించింది ముందు చూసిన ఆ చూపే అని నా అభిప్రాయం.

నేను చూడలేదు. ఇక అసలు సంగతికి వస్తాను.

చాలా ఏళ్ళ క్రితం, నేను గురుపట్టం పొందిన కొత్తలో, మన్యంలో ఒక బోర్డింగు నా చేతికిచ్చారు. ఉత్సాహం ఎక్కువ, అనుభవం తక్కువ. గోదావరి ఒడ్డున ఉన్న ఒక ఊరినుండి ఒక కొండరెడ్డి పిల్లవాడు వచ్చాడు. తొమ్మిదేళ్ళుంటాయేమో. మాటలు తక్కువ. చేతులు మాత్రం ఊరకుండేవి కావు. వాగు దగ్గర బంకమట్టి దొరికితే చాలు, ఏదో ఒకటి చేసేవాడు. క్రిస్మసుకు నేను పట్నంనుండి పశులపాక బొమ్మల సెట్టు కొనుక్కొచ్చాను. ప్లాస్టరు బొమ్మలు, తెల్లగా, ఎర్రటి బుగ్గలతో. మూడు ఒంటెలు కూడా వచ్చాయి. పాక కట్టి అన్నీ అమర్చాం. మర్నాడు ఉదయం చూస్తే బాలయేసు తొట్టి పక్కన ఒక అడవిదున్న నిలబడి ఉంది. నల్లమట్టితో చేసింది. మెడమీద మూపురం, లోపలికి వంగిన కొమ్ములు, మోకాళ్ళ కింద తెల్లగా సున్నం పూసిన కాళ్ళు. అడవిదున్నను చూసినవాళ్ళకు తెలుసు, దానికి తెల్ల మేజోళ్ళు వేసినట్టే ఉంటాయి కాళ్ళు. అది మోకరించి లేదు. తొట్టివైపు తలవంచి ఊపిరి విడుస్తున్నట్టు ఉంది.

నేను వాణ్ణి పిలిచి, అందరి ముందూ, "బెత్లెహేములో అడవిదున్నలు లేవు" అన్నాను. పిల్లలంతా నవ్వారు. బొమ్మను తీసి కిటికీ బయట పెట్టాను. ఆ రాత్రి మంచుకో, కుక్కలు తోసినందుకో, పొద్దుటికి విరిగిపోయింది.

ఒంటెలు మాత్రం పాకలోనే ఉన్నాయి. సువార్తలో క్రీస్తు జననం చదివి చూడండి, ఒంటెల ప్రస్తావన లేదు. ఎద్దూ గాడిదా కూడా లేవు. తొట్టి ఒక్కటే ఉంది. తక్కినవన్నీ తర్వాతివాళ్ళు భక్తితో తెచ్చి నిలబెట్టినవే. 1223లో పునీత అస్సీసి ఫ్రాన్సిస్‌గారు గ్రేచియో అనే కొండపల్లెలో తొలిసారి పశులపాక ఏర్పాటు చేసినప్పుడు బజారునుండి బొమ్మలు కొనలేదు. ఆ ఊరి ఎండుగడ్డి, ఆ ఊరి ఎద్దు, ఆ ఊరి గాడిద. ఆ ఊరి జనమే దివిటీలు పట్టుకుని కొండెక్కి వచ్చి గొర్రెల కాపరులయ్యారు. గ్రేచియోలో ఎద్దుకు చోటుంటే మన్యంలో అడవిదున్నకు చోటు లేకపోవడమేమిటి? ఆ పాపికొండల అడవుల్లో దానికంటే పెద్ద ప్రాణి ఏదీ? కొండరెడ్లను గురించి ఫ్యూరర్ హైమెండార్ఫ్ 1945లో పెద్ద పుస్తకం అచ్చువేస్తే, వాళ్ళను 'బైసన్ కొండల రెడ్లు' అన్నాడు. ఎక్కడో వియన్నానుండి వచ్చిన మనిషి కంటికి కనిపించింది నాకు కనబడలేదు.

ఆ తర్వాతి వేసవికి ముందు వాడు భూమి పండుగకు ఇంటికి వెళ్తానని సెలవడిగాడు. కొండలలో చేసుకునే పండుగ. నేను ఇవ్వలేదు. పరీక్షలున్నాయన్నాను. పరీక్షలు నిజమే. కాని అసలు కారణం అది కాదని నాకూ తెలుసు, వాడికీ తెలుసు. రెండురోజుల తర్వాత తెల్లవారి చూస్తే చాప ఖాళీగా ఉంది. మళ్ళీ రాలేదు. రిజిస్టరులో వాడి పేరుమీద ఎర్రసిరాతో గీత కొట్టాను.

ఆ రోజుల్లో మేం చేసిన మంచిని నేను కాదనను. ఎందరో నర్సులయ్యారు, టీచర్లయ్యారు, గురువులూ సిస్టర్లూ అయ్యారు. మలేరియాతో ఒళ్ళు కాలిపోతున్న పిల్లల్ని భుజాన వేసుకుని ఆసుపత్రికి నడిచిన సిస్టర్లను ఎరుగుదును. కాని ఒక్కమాట. జుట్టు కత్తిరించాం, పేరు మార్చాం, కోయమాట వినబడితే కోప్పడ్డాం, "బుద్ధిగా" నిలబడమన్నాం. కదలకుండా, మాట్లాడకుండా, మనం పెట్టినచోట నిలబడితే బుద్ధిమంతుడన్నాం. మట్టిబొమ్మకూ దీనికీ తేడా ఏమిటి? ఆ పెద్దమనిషి చొక్కా విప్పమన్నాడు, నేను తొడిగించాను. ఆ పిల్లవాడెవరో తెలుసుకోవాలని ఆయనా అనుకోలేదు, నేనూ అనుకోలేదు.

ఇది మా ఒక్క బోర్డింగు కథే అయితే ఇంత రాయనక్కరలేదు. 2022 జూలై 25న జగద్గురువులు ఫ్రాన్సిస్ పాపుగారు, ఎనభై అయిదేళ్ళ వయసులో, నడవలేక చక్రాల కుర్చీలో, కెనడా దేశంలో మాస్క్వాసిస్ అనే చోటికి వెళ్ళారు. అక్కడి ఆదిమజాతుల పిల్లల్ని తల్లిదండ్రులనుండి వేరుచేసి ఉంచిన బోర్డింగు స్కూళ్ళలో చాలావాటిని కథోలిక సంస్థలు నడిపాయి. అక్కడ జరిగినవాటికి ఆయన ఆ జనం మధ్య నిలిచి క్షమాపణ చెప్పుకున్నారు. అక్కడి ఘోరాలతో మన బోర్డింగులను నేను పోల్చడం లేదు. అవి వేరు. అయినా ఆ వార్త చదివిన రోజు నాకు జ్ఞాపకం వచ్చింది కిటికీ బయట విరిగిపడ్డ మట్టిదున్నే.

వేరే దారి లేకపోలేదు. 1885లో ఛోటానాగపూరుకు వచ్చిన యేసుసభ గురువు కాన్‌స్టంట్ లీవెన్స్‌గారు ముందు ముండాల భాష నేర్చుకున్నారు, తర్వాత భూమి చట్టాలు చదివారు. జమీందార్ల కేసుల్లో వాళ్ళ పక్షాన నిలిచారు. ఏడేళ్ళకే క్షయవ్యాధితో ఆయన దేశం విడవవలసి వచ్చినా ఆ కొండలలో శ్రీసభ నిలిచిపోయింది. వాళ్ళ కష్టమేమిటో మొదట చూసిన మనిషి గనుక.

అరకునుండి వచ్చిన వారానికి నేను ఆ పిల్లవాణ్ణి వెతకడానికి బయలుదేరాను. పిల్లవాడేమిటి, ఇప్పుడు నడివయసు మనిషి. వాడి ఊరికి వెళ్ళాలంటే ఊరు లేదు. పోలవరం కాఫర్ డ్యాము కట్టాక గోదావరి వెనక్కి ఎగదన్ని, దేవీపట్నం మండలంలో ఊరుమీద ఊరు ముంపులో పడింది. గండి పోచమ్మతల్లి గుడిలోకి కూడా వరదనీళ్ళు వచ్చిన సంగతి మీరు పేపర్లలో చూసే ఉంటారు. ఊళ్ళు ఖాళీచేసి కింద మైదానంలో కాలనీలు కట్టిచ్చారు. అడిగి అడిగి, రెండు కాలనీలు తిరిగి, మూడోదానిలో పట్టుకున్నాను. ఒకేలాంటి సిమెంటు ఇళ్ళ వరుసలు, మధ్య రోడ్డు. చెట్టు లేదు. మధ్యాహ్నపు ఎండకు జనం గోడనీడ పట్టుకుని కూర్చున్నారు. జీలుగుచెట్టు లేదు, చింతచెట్టు లేదు, వాగు లేదు. ఇంట్లో ఒక మూల సొరబుర్ర వేలాడదీసి ఉంది, ఖాళీది. కుళాయి నీళ్ళకు బుర్ర ఎందుకు?

నన్ను చూసి లేచాడు. గుర్తుపట్టాడు. కుర్చీ తెప్పించాడు. కూలిపనులకు వెళ్తున్నానన్నాడు. నేను దారంతా కూడబలుక్కున్న మాటలు ఒక్కటీ నోట రాలేదు. చివరికి, "ఆ క్రిస్మసునాడు నిన్ను అందరిలో చిన్నబుచ్చాను. తప్పు చేశాను" అన్నాను. ఆయన భార్య ఏమీ అర్థంకాక ఇద్దరివైపూ చూసింది. ఆయన కాసేపు నేల చూసి, "దున్న గురించా ఫాదర్ గారూ?" అన్నాడు. ముప్పై ఏళ్ళు దాటింది. ఏ సంగతో నేను చెప్పనే లేదు.

"ఇప్పుడు చేస్తావా?" అని అడిగాను.

"ఇక్కడ మట్టి పనికిరాదండి. ఎర్రమట్టి, రాళ్ళు. విరిగిపోద్ది." కొంచెం ఆగి అన్నాడు, "ఆ రేవు దగ్గర మట్టి బాగుండేది. ఇప్పుడు నీళ్ళ కింద ఉంది."

నేను క్షమించావా అని అడగలేదు. ఆయన చెప్పలేదు. టీ ఇచ్చారు, తాగి వచ్చాను. వచ్చేటప్పుడు ఆయన మనవడు, నాలుగేళ్ళవాడు, నా జీపు టైరుమీది బురద గిల్లి ఉండ చేస్తున్నాడు.

ఈసారి మా పశులపాక పని పిల్లలకే వదిలేశాను. భూపతిపాలెం వైపునుండి మట్టి తెచ్చుకున్నారు. ఇప్పటికి ఒక అడవికోడి, రెండు మేకలు, సొరబుర్ర భుజాన వేసుకున్న ఒక ముసలమ్మ తయారయ్యాయి. ముసలమ్మను చేసింది ఆ అరకు అమ్మాయే. పక్కన ఒక పిల్లను కూడా చేసి కూర్చోబెట్టింది. పదిరూపాయలు తిరిగిచ్చిన కుర్రాడు అడవిదున్న చేస్తున్నాడు. కొమ్ముల దగ్గర రెండుసార్లు విరిగింది, మూడోసారి లోపల వెదురుపుల్ల పెట్టాడు. ఆ కాలనీకి కబురు పంపాను, క్రిస్మసు రాత్రి దివ్యబలిపూజకు రాకపోయినా పాక చూడటానికి రమ్మని. వస్తానని గాని రానని గాని కబురు రాలేదు.

ఒంటెలను ఏం చేయాలని సిస్టరుగారు అడిగారు. తీసేయవద్దన్నాను. అవి చాలా దూరంనుండి వచ్చినవి, జ్ఞానులతో. కాస్త వెనక్కి జరపమన్నాను.